నొసట పేరు లేని బండి

వట్లూరు,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు శేషు నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమమని ఒక్క వాక్యంలో తేల్చేసి ముందుకు పోవడం ఉత్తరాల మర్యాద. రుజువు లేని వాక్యాన్ని నేను వేదిక మీదే పలకను, కాగితం మీద ఎలా పెడతాను? కాబట్టి ఒక్కొక్కరి సంగతీ విడిగా చెబుతాను. అత్తయ్య క్షేమం, రోజూ మోకాళ్ళకు నూనె రాసుకుంటూ, రాసుకున్నందుకు ఫలితమేమీ లేదని రోజూ ప్రకటిస్తూ ఉన్నారు. మామయ్యకు కట్టు విప్పారు. ఎడమ మణికట్టులో వేసిన ప్లేటు కుదురుకుంది, వేళ్ళు ముడుస్తున్నారు, కాఫీ గ్లాసు పట్టుకుంటున్నారు; చెయ్యి మాత్రం మునుపటిలా తిరగడం లేదు. నేను క్షేమం. నా గురించి బెంగపడవద్దని అమ్మకు చెప్పు. ఈ మాట ఇంకో రెండుచోట్ల రాస్తాను, ప్రతిసారీ చదివి వినిపించు. నాన్న నడుము ఎలా ఉంది? నాయనమ్మ కంట్లో చుక్కలు వేయించుకుంటోందా, వేసిన మరుక్షణమే కొంగుతో తుడిచేసుకుంటోందా? నీ కోత మిషను బాగైందా? వీటన్నిటికీ జవాబు కావాలి.

ఈ ఉత్తరం పది రోజుల క్రితమే రాయవలసింది. ఎందుకు రాయలేదో చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను. వాదించబోయే విషయాన్ని ముందుగా ప్రకటించడం డిబేటు పోటీల్లో మొదటి నియమం. నా విషయం ఇది: నీమీద నాకు అసూయ. కోపం కాదు, అలక కాదు, చిన్నప్పటి పోట్లాటల మిగులు కాదు. అసూయ. నీ తరఫు వాదన కూడా నేనే వినిపించగలను. ఇక్కడ నీ తరఫున మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు. వాళ్ళ మాటలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి.

ముందు నా బతుకు సంగతి. మండవల్లి పక్కన ఏటా కొల్లేరు మింగే పొలాన్ని వదులుకుని తాతయ్య తుంగభద్ర కాలువ కిందికి వలస వెళ్ళారు. సింధనూరు దగ్గర వలసవాళ్ళు కట్టుకున్న మన క్యాంపులో మూడు తరాలు గడిచినా అక్కడివాళ్ళకు మనం ఆంధ్రావాళ్ళమే. చదువు కోసం తాతయ్య నేల మీదికే వస్తున్నాను కదా, ఇక్కడైనా ఎవరూ నా ఊరడగరని అనుకున్నాను. లా కాలేజీలో నాకు పెట్టిన పేరు "కర్ణాటక". "మీ మాట అచ్చం మాలాగే ఉందేంటండి?" అని ఆశ్చర్యపోతారు, వాళ్ళింట్లోంచి ఏదో ఎత్తుకొచ్చినట్టు. గెలిచిన రోజున చప్పట్లు బాగానే కొడతారు; ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా బల్ల దగ్గరకు మాత్రం ఒక్కరూ రారు. ఉక్కపోత సంగతి నీకు తెలుసు. ఉతికిన చొక్కా ఆరేలోపే ఇంకోటి తడిసిపోతుంది. పొద్దున ఇడ్లీ, తక్కిన రెండు పూటలా అన్నం. జొన్నరొట్టె తినాలని ఉందన్నానో లేదో, అత్తయ్య కంగారుపడిపోయి "షుగరేమైనా వచ్చిందేంట్రా? ఈ వయసులోనా?" అన్నారు. అయినా బాగానే తింటున్నాను, బెంగ వద్దు.

ఈ ఇంట్లో నువ్వు చదువుకున్న మూడేళ్ళు ఇంకా అయిపోలేదు. నువ్వు క్యాంపుకు తిరిగి వెళ్ళి రెండేళ్ళు దాటినా నీ మంచం నీదే, నేను దాని మీద పడుకుంటున్న అతిథిని. కూర మాడితే, "మా వసుంధర అయితే ఈపాటికి స్టౌ కట్టేసేది" అంటారు అత్తయ్య. హైవే పక్కన లారీలు బాగుచేసే మామయ్య రేకుల షెడ్డుకు వచ్చే ప్రతి లారీ డ్రైవరూ నన్ను చూసి ఒకటే అడుగుతాడు: "వసుంధరమ్మగారి తమ్ముడాండి?" అవునంటే మొహం వెలిగిపోతుంది. ఆ వెలుగు నా కోసం కాదు. నా పేరు అడిగినవాడు ఇంతవరకూ లేడు.

తాడేపల్లిగూడెంలో జరిగిన పోటీలో మొదటి బహుమతిగా నాకు పెద్ద కప్పు వచ్చింది. ఫోటో పంపాను, నువ్వు బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నావు. దాన్ని షెడ్డులో బల్ల మీద, అందరికీ కనిపించేటట్టు పెట్టాను. మర్నాడు వెళ్ళి చూస్తే మామయ్య అందులో డీజిల్ పోసి ఇంజెక్టర్లు నానబెట్టారు.

"మామయ్యా, అది నా కప్పండి."

"తెలుసురా. వెడల్పు మూతి, మంచి అడుగు. ఇలాంటిది ఎక్కడా దొరకదు. ఇంకోటి గెలుస్తావేంటి?"

షెడ్డులో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. తరవాత గదిలోకి వెళ్ళి కాస్త నవ్వాను.

ఇక ప్రమాదం గురించి. మంచు వల్ల జరిగిందని నీకు ఫోన్‌లో చెప్పాం. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. మండవల్లి దగ్గర చెరువు గట్టు మీద చేపల లారీ ఒకటి ఆగిపోయిందని కబురొస్తే, సెలవు కదా అని నేనూ మామయ్య వెంట వెళ్ళాను. ఇక్కడున్నప్పుడు నువ్వు నడిపిన మన రికవరీ బండికి వెనక దాన్ని తగిలించుకుని, తెల్లవారుతుండగా కొల్లేరు మీదుగా ఏలూరు వస్తున్నాం. బానెట్టు చివర కూడా కనిపించనంత మంచు. మామయ్య అద్దం దించి, తల బయట పెట్టి నడుపుతున్నారు. ఉన్నట్టుండి అన్నారు:

"మీ అక్కయితే ఇంత మంచులోనూ తల బయట పెట్టదురా. టైరు చప్పుడు వింటుంది. తారు దిగి మట్టి మీదికి జారిందంటే దానికి చెవుల్లోనే తెలిసిపోద్ది."

నాకు ఒళ్ళు మండింది. అక్కడే, ఆ సీట్లోనే, పూర్తి స్థాయి ప్రసంగం ఎత్తుకున్నాను. లేని మనిషిని ఉన్న మనిషితో పోల్చడం ఎంత అన్యాయమో, లేని మనిషి ఎన్నటికీ తప్పు చేయదు కాబట్టి ఎప్పటికీ ఎలా గెలుస్తూనే ఉంటుందో, జ్ఞాపకాన్ని సాక్షిగా పిలిచినప్పుడు ఎదురు ప్రశ్నలు వేసే హక్కు అవతలివాడికి ఎందుకుండాలో మూడు అంచెల్లో నిరూపించాను. గొంతు బాగా పలికింది. మామయ్య తల లోపలికి తీసి, స్టీరింగు మీద చెయ్యి తట్టి, "అబ్బా, ఏం మాట్లాడతావురా నువ్వు!" అని పెద్దగా నవ్వుతూ నావైపు తిరిగారు. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆయన నన్ను అంత నిండుగా చూడడం అదే మొదటిసారి.

ఆ చూపు నామీద ఉండగానే మంచులోంచి గడ్డి ట్రాక్టరు వచ్చింది. వచ్చింది అనడం తప్పు. అది ఆగే ఉంది, మేమే వెళ్ళాం. వెనక దీపం లేదు. బ్రేకు తొక్కారు. మన బండి ఆగేదే, వెనక తగిలించుకున్న చేపల లారీ ఆగనివ్వలేదు. అది వెనక నుంచి తోసింది, మేం ముందున్న ట్రాక్టరులోకి చొచ్చుకుపోయాం. ట్రాక్టరు మీద ఎవరూ లేరు, చేపల లారీ డ్రైవరు క్షేమంగా దిగాడు. నాకు మోకాలి మీద చిన్న గీత. మామయ్య మణికట్టు స్టీరింగుకూ డ్యాష్‌బోర్డుకూ మధ్య నలిగింది. రోడ్డు నిండా ఐసు ముక్కలు, చేపలు, గడ్డి. ఎలా జరిగిందని ఎవరడిగినా ఆయన చెప్పింది ఒక్కటే: "మంచండి." ఆస్పత్రిలో నేను నోరు తెరవబోతే, "నీకు మాట్లాడ్డానికి చాలా చోట్లున్నాయి, ఇక్కడొద్దు" అన్నారు. అంతే. ఆ తరవాత ఇంతవరకూ ఆ మాట ఎత్తలేదు.

బండి షెడ్డుకు ఇంకో బండి వెనక వచ్చింది. ఎన్నో లారీలను లాక్కొచ్చిన బండిని లాక్కొస్తుంటే చుట్టుపక్కల షాపులవాళ్ళందరూ బయటికొచ్చి నిలబడ్డారు. క్యాబిన్ మొహం సగానికి మడిచిపోయింది. రేడియేటరు ఫ్యానులో కూరుకుపోయింది. వెనక క్రేను చెయ్యి పక్కకు ఒరిగింది. నొసటి మీద ఎర్ర రంగుతో "వసుంధర" అని రాసి ఉండేది కదా. అందులో "వ" ఒకచోట, "ధర" ఒకచోట, మధ్య అక్షరం మడతలో ఉన్నాయి. దాన్ని చూసి అత్తయ్య ఏడ్చారు. మామయ్య చేతి కట్టు చూసినప్పుడు కూడా అంత ఏడవలేదు. నేను లెక్క పెట్టుకున్నాను, అక్కా. ఇలాంటివి లెక్క పెట్టుకునే మనిషిని అయ్యాను.

పాత ఇనుముకు ఇచ్చేయమని పదిమంది చెప్పారు. మామయ్య వినలేదు. బాగుచేయిస్తానన్నారు. ఆయనకు ఒక్క చెయ్యే ఉంది కాబట్టి రెండో చెయ్యి నేనయ్యాను. కాలేజీ నుంచి సరాసరి షెడ్డుకే. నువ్వు నమ్మవు, ఎవరూ నమ్మరు, అందుకే వివరంగా రాస్తున్నాను. క్యాబిను దించాం. ఇంజను దించాం. రేడియేటరు విప్పి బాగుచేయడానికి ఇచ్చాం. తాడేపల్లిగూడెంలో పాత లారీలు విప్పి అమ్మే చోట రెండు రోజులు తిరిగి, మన బండికి సరిపడే మొహం ఒకటి పట్టుకున్నాం. చక్రాల మీద బరువు మోసే కమాను పట్టీలు ఒక్కొక్కటీ నేనే తుప్పు గీకి గ్రీసు పెట్టాను. డీజిల్ పైపుల్లో గాలి ఇరుక్కుంటే చేతి పంపు కొట్టి, నట్టు వదులు చేసి, బుడగలు ఆగేదాకా ఎలా వదలాలో నేర్చుకున్నాను. నా గోళ్ళు చూసి కాలేజీలో ప్రత్యర్థి ఒకడు, "న్యాయశాస్త్రం కుదరకపోతే ఇంకో దారి చూసుకున్నాడు" అన్నాడు. ఆ రోజు పోటీలో వాడిని నిలువునా దులిపేశాను.

ఒక్క విషయంలో నేను నెగ్గాను, అది నీకు తెలియాలి. సొట్టలు తీసే టింకరింగ్ అప్పారావుగారు బండి కింది చట్రం, అదే ఛాసిస్, సరిచేసి, ఒక కన్ను మూసి చూసి, "బాణంలా ఉందండి" అన్నారు. నాకు నమ్మకం కలగలేదు. ఎదురెదురు మూలలకు తాడు లాగి కొలిచాను. రెండు తాళ్ళూ సమానంగా రావాలి, బొటనవేలంత తేడా వచ్చింది.

"బాబూ, మీరు పుట్టకముందు నుంచీ కంటితోనే చూస్తున్నానండి," అన్నారు అప్పారావుగారు. "నా కన్ను తప్పా అండి?"

"మీ కన్నుకు మామయ్యంటే మొహమాటమండి. తాడుకు లేదు."

ఆయన మొహం మాడ్చుకున్నారు. మామయ్య తాడు తీసుకుని తానే మళ్ళీ కొలిచారు. ఒంటిచేత్తో కుదరక రెండో కొస పళ్ళతో పట్టుకున్నారు. నేను చెప్పిందే నిజమైంది. గొలుసు బిగించి, వేడి చేసి, జాకీతో నెట్టి మళ్ళీ సరిచేశారు. అప్పారావుగారు చివరికి, "కుర్రాడికి పట్టుదల ఉందండి" అన్నారు. మామయ్య తాడు చుట్టి నా చేతిలో పెడుతూ ఏమన్నారో తెలుసా?

"మీ అక్కయితే పది గజాలు నడిపి చెప్పేసేది."

నేను తాడు కింద పెట్టి బయటికి వెళ్ళి నిలబడ్డాను. హైవే మీద లారీలు పోతున్నాయి. ఒక మనిషి తాను లేనిచోట కూడా గెలుస్తుంటే, ఉన్న మనిషి ఏం చేయాలి? దీనికి నేను చదివిన పుస్తకాల్లో జవాబు లేదు. న్యాయాన్యాయాల గురించి ఉంది, సమానత్వం గురించి ఉంది, ఆస్తిహక్కు గురించి బోలెడంత ఉంది. ఒక ఇంట్లో ఒకరిని ఎక్కువగా తలుచుకోవడం గురించి ఎవరూ ఒక అధ్యాయం రాయలేదు.

ఇప్పుడు చెప్పవలసిన అసలు సంగతికి వచ్చాను. బండి పూర్తయింది. ఇంజను తిరిగింది, గొంతు బాగుంది. రంగు వేశారు. కొత్త మొహం, దాని నొసలు ఖాళీగా ఉంది. ఆ రోజు మామయ్య చెయ్యి చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళారు. పెయింటరు దానయ్యగారు కుంచెలతో వచ్చారు. షెడ్డులో నేనొక్కణ్ణే.

"పాత పేరేనాండి?" అన్నారాయన. నేను ఖాళీ నొసటి వైపే చూశాను.

"కొత్త మొహం కదండీ, కొత్త పేరు రాసుకునేవాళ్ళూ ఉంటారు. మీ పేరేంటండి?"

చూడు అక్కా, ఈ షెడ్డులో నా పేరు అడిగిన మొదటి మనిషి. "శేషగిరి" అన్నాను. రాయమని అనలేదు. రాయవద్దనీ అనలేదు. ఆయన సుద్దముక్క తీసి, నొసటి ఈ చివర నుంచి ఆ చివరకు, గుండ్రంగా, అందంగా "శేషగిరి" అని గీశారు. కింద నిలబడి చూశాను. బాగుంది. ఎంత బాగుందంటే, తుడిచేయండి అనడానికి నోరు రాలేదు. అప్పుడే మామయ్య ఆటో దిగారు.

పైకి చూశారు. "అక్షరాలు బాగా కుదిరాయండీ, దానయ్యగారూ" అన్నారు. తరవాత నావైపు తిరిగి, ఎంతో నెమ్మదిగా, "మీరు రాయించారాండి?" అని అడిగారు.

నన్ను. మీరు అని. ఈ ఊళ్ళో మర్యాద అందరికీ దొరుకుతుంది. మామయ్య నోట నాకు దొరకడం మాత్రం చెంపదెబ్బ కంటే ఎక్కువైంది. చెరిపేయమని ఆయన అనలేదు. తడిగుడ్డ తెచ్చి, నిచ్చెన ఎక్కి, నేనే చెరిపాను. దానయ్యగారు కుంచెలు సర్దుకుని, "తరవాత వస్తానండి" అని వెళ్ళిపోయారు. నేను దిగాక మామయ్య స్టూలు మీద కూర్చుని, కాసేపటికి మళ్ళీ నువ్వులోకి వచ్చారు.

"ఒరేయ్ శేషూ, మీ అక్కకి ఓ ఉత్తరం రాసిపెట్టవా? నువ్వు బాగా రాస్తావు కదా."

ఆయన చెప్పినదంతా ఇప్పుడు నీకు అక్షరం పొల్లుపోకుండా అప్పగిస్తున్నాను. "బండి తయారైందని రాయి. మొదట రోడ్డు మీదికి తీసేది వసుంధరే, దాని చెయ్యి మంచిది. ఈ స్టీరింగు తిప్పడానికి నా మణికట్టు ఇక పనికిరాదని డాక్టరు తేల్చేశాడు. అది ఇక్కడ ఉండి నడుపుతానంటే తాళం దానికే ఇచ్చేస్తాను. కుదరదంటే తాడేపల్లిగూడెం బేరగాడికి అమ్మేస్తాను. ఏదైనా దాని ఇష్టం, మొహమాటపడొద్దని రాయి. శుభమా అని పిలుస్తున్నాం, కొసలకి పసుపు పెట్టు."

పక్కనుంచి అత్తయ్య, "ఏవండీ, ఉత్తరం దేనికండి, ఓ ఫోను కొడితే పోదా?" అన్నారు.

"వద్దే. నా గొంతు వింటే కాదనలేక వచ్చేస్తుంది. వాళ్ళ నాన్నకి నడుము బాలేదు, పొలం అదే చూసుకుంటోంది. ఉత్తరమైతే తీరిగ్గా ఆలోచించుకుంటుంది. రాలేకపోతే జవాబివ్వకుండా ఊరుకుంటుంది, మనకే అర్థమవుతుంది."

నేను "రాస్తానండి" అన్నాను. మర్నాడు అడిగితే "పోస్టు చేశానండి" అన్నాను. రాయలేదు. నా పేరు చెరిపిన చేత్తో నీ పేరు పిలవాలి. ఆ పని నాకే అప్పగించారు. ఇది శిక్షా, నమ్మకమా? పది రోజులుగా ఇరువైపులా వాదించుకుంటున్నాను, ఏ పక్షమూ గెలవలేదు. ఒక మాట మాత్రం తేలింది. నాకు ఆ బండి అక్కరలేదు. దాన్ని వెనక్కి నడపడం కూడా నాకు రాదు. నన్ను అడిగి ఉంటే నేనే కాదనేవాణ్ణి. కాదనే అవకాశం నాకు ఇవ్వలేదన్నదే నా ఫిర్యాదు. ఇంకా నీచమైన ఆలోచన ఒకటి వచ్చింది, దాన్నీ రాస్తాను. బండి అమ్ముడుపోతే నొసట ఎవరి పేరూ ఉండదు కదా అనుకున్నాను. ఇద్దరం సమానమవుతాం అనుకున్నాను.

ఈ పది రోజులూ మామయ్య ఒక్కసారి కూడా నీ జవాబు గురించి గట్టిగా అడగలేదు. పోస్టతను షెడ్డు ముందు నుంచి పోతుంటే మాత్రం తలెత్తుతున్నారు. మొన్న బేరగాడికి ఆయనే ఫోన్ చేశారు. బుధవారం వచ్చి చూసుకుంటానన్నాడట. నిన్న పొద్దున ఒంటిచేత్తో బండి కడుగుతూ కనిపించారు. నేను గొట్టం అందుకున్నాను.

"రాదులేరా," అన్నారు. "దాని పనులు దానికుంటాయి. రాలేనని చెప్పడానికి ఎంత బాధపడుతుందో ఏమో."

నేను నీళ్ళు కొడుతున్నాను.

"నీ ఉత్తరంలో దాన్ని ఇబ్బంది పెట్టే మాటలేమీ రాయలేదు కదా? నువ్వు వాదించావంటే అవతలివాళ్ళకి దారుండదు."

"లేదండి," అన్నాను. "ఒక్క మాట కూడా రాయలేదండి."

ఈ ఉత్తరం సంగతిలో ఇంతవరకూ ఆయనకు నేను చెప్పిన ఏకైక నిజం అదే. అది కూడా ఆయనకు వేరే అర్థంలో వినిపించింది. "మంచి పని చేశావు" అని నా భుజం తట్టారు. తట్టింది ఆ ఎడమ చేత్తోనే. తడుతుంటే నొప్పికి పెదవి బిగించారు.

అందుకని రాస్తున్నాను. నువ్వు కాదనలేదు, అక్కా. నిన్ను ఎవరూ అడగలేదు. అడగవలసినవాడు ఉత్తరాన్ని కడుపులో దాచుకుని కూర్చున్నాడు. బుధవారంలోపు పోస్టు అందదు కాబట్టి, ఈ పేజీలన్నీ ఫోటోలు తీసి నీ ఫోన్‌కు పంపి, అసలు ప్రతిని పోస్టులో వేస్తాను. నేరుగా ఫోన్ చేయవచ్చు కదా అంటావు. ఫోన్‌లో అయితే నేను వాదిస్తాను. సగం తప్పు మంచు మీదికి, సగం నీ మీదికి నెట్టి, చివరికి నీచేతే నాకు క్షమాపణ చెప్పించుకుంటాను. ఆ పని నాకు ఎంత బాగా వచ్చో నీకు తెలుసు. కాగితం మీద రాసింది ఇక మార్చలేను.

ఇది పంపగానే షెడ్డుకు వెళ్ళి మామయ్యకు అంతా చెబుతాను. మళ్ళీ నన్ను "మీరు" అంటారేమో. అననీ. అత్తయ్య నన్ను సమర్థిస్తారని ఆశ లేదు.

నువ్వు రావాలో వద్దో నేను చెప్పను. నాన్న నడుము, పొలం, కోత మిషను, అన్నీ నీకు తెలుసు. రాలేకపోతే ఆయనకు నువ్వే నోరు తెరిచి చెప్పు. జవాబివ్వకుండా మౌనాన్ని ఆయన చేతికి వదలకు, నీ పేరిట దాన్ని నేను ఇప్పటికే వాడి పాడుచేశాను. వస్తే తాళం నీదే, నొసలు నీదే. నీ పేరు రాసేటప్పుడు దానయ్యగారికి నిచ్చెన నేను పట్టుకుంటాను. నా అసూయ తగ్గిందని మాత్రం రాయను. తగ్గలేదు. ఇప్పుడు కూడా, నువ్వు ఈ ఉత్తరం చదివి మామయ్య కోసం కళ్ళు తుడుచుకుంటావు కదా, ఆ కన్నీళ్ళలో నా వాటా ఎంతని అనిపిస్తోంది.

నాన్నకు, అమ్మకు నా నమస్కారాలు. నాయనమ్మ కాళ్ళకు నా తరఫున నువ్వు మొక్కి, ఆ దీవెన నాదని స్పష్టంగా చెప్పు, నీ ఖాతాలో వేసుకోకు. నేను తిండి మానలేదు, చదువు మానలేదు, బెంగ వద్దు. ఎవరైనా ఇటు వస్తుంటే జొన్నపిండి పంపించు. అత్తయ్యకు రొట్టె కొట్టడం నేనే నేర్పుతాను. కొసలకు పసుపు పెట్టాను. అత్తయ్య చూసి, "ఇప్పుడెందుకురా పసుపు? ఎప్పుడో రాశానన్నావు?" అన్నారు. జవాబు చెప్పకుండా లేచి వచ్చాను. జీవితంలో ఒక ప్రశ్నకు జవాబివ్వకుండా లేవడం ఇదే మొదటిసారి.

పెద్దలందరి దీవెనలు కోరుతూ,

నీ తమ్ముడు
శేషగిరి

తా.క. వచ్చేటట్టయితే ఏలూరు స్టేషన్‌లో దిగగానే మామయ్యకు ఫోన్ చెయ్యకు. నాకు చెయ్యి. ఎన్ని గంటలకైనా సరే, నేనే వస్తాను. నిన్ను బండి దగ్గరకు తీసుకువెళ్ళేది నేనే కావాలి.